క్లిష్టమైన సిస్టమ్‌ని మోడళ్లతో డిజైన్ చేయాలా? ఎక్కడ చేయాలి, ఎక్కడ వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గోదాముల్లో సరుకు మోసే డ్రైవర్ లేని బండి తయారుచేస్తున్నారు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ఫర్మ్‌వేర్ (బండిలోని చిప్‌లలో నడిచే సాఫ్ట్‌వేర్), వెనకనుంచి బండ్లన్నిటినీ నడిపించే సర్వర్ సాఫ్ట్‌వేర్ అని నాలుగు టీములున్నాయి. రిక్వైర్‌మెంట్లు వర్డ్ ఫైళ్లలో, సిగ్నళ్ల పట్టికలు ఎక్సెల్‌లో ఉన్నాయి, వాటిలో ఏది తాజాదో ఎవరికీ తెలీదు. పైవాళ్లేమో ‘మోడల్ డ్రివెన్ ఇంజనీరింగ్’కి (ఎండీఈ, అంటే ముందు సిస్టమ్ నమూనా గీసి, దాన్నే ఆధారంగా పని నడిపే పద్ధతి) మారిపోదాం అంటున్నారు. సిస్టమ్ మొత్తం యూఎంఎల్‌లో (సాఫ్ట్‌వేర్‌ని బొమ్మలుగా గీసే ప్రామాణిక భాష) గీసేసి కోడ్ జనరేట్ చేసుకోవచ్చా, అందుకు ఏ టూల్ కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మారండి. కానీ సిస్టమ్ మొత్తం గీయొద్దు, టూల్ ఇప్పుడే కొనొద్దు. టీముకీ టీముకీ మధ్య ఒప్పందాలు నడిచే చోట మోడల్ పెట్టండి. అంటే సిగ్నళ్లు, మోడ్‌లు (చార్జింగ్, ఆటోమేటిక్ లాంటి స్థితులు), ఎంత సమయంలో ఏం జరగాలి, ఏదైనా పాడైతే ఏం చేయాలి, ఇవి. కోడ్ జనరేషన్ ఆ తరవాతి సంగతి. దీనికి ఒక షరతు ఉంది: ప్రతి మోడల్‌కీ అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి ఉండాలి, దాని మీద ఆధారపడి నడిచే పని ఒకటి ఉండాలి. సిమ్యులేషనో, రాత్రి బిల్డ్‌లో (కోడంతా కలిపి ప్రోగ్రాంగా కట్టే పనిలో) నడిచే చెకో, దాన్నుంచి పుట్టే ఫైలో, ఏదో ఒకటి. ఏదీ లేకపోతే అది ఉత్త బొమ్మ. డెలివరీ దగ్గరపడ్డాక బొమ్మని సరిదిద్దే తీరిక ఎవరికీ ఉండదు.

నేను చాలాకాలం రైళ్ల కంట్రోల్ సిస్టమ్‌ల మీద, ఆ తరవాత కార్ల ఎలక్ట్రానిక్స్ మీద పనిచేశాను. కింద చెప్పేవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే. వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకి ఇందులో సగం వర్తించకపోవచ్చు.

ముందు కోడ్ జనరేషన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పైవాళ్ల ఆశంతా సాధారణంగా దానిమీదే ఉంటుంది. యూఎంఎల్ ప్రమాణాన్ని చూసుకునే ఓఎంజీ అనే సంస్థే 2001లో ‘మోడల్ డ్రివెన్ ఆర్కిటెక్చర్’ని ముందుకు తెచ్చింది. ప్లాట్‌ఫారంతో (ప్రోగ్రాం నడిచే హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్) సంబంధం లేకుండా ఒక మోడల్ గీస్తే, అందులోంచి ఫలానా ప్లాట్‌ఫారానికి సరిపడే మోడల్, అందులోంచి కోడ్ వరసగా పుట్టుకొస్తాయన్నది ఆలోచన. మామూలు బిజినెస్ అప్లికేషన్లలో ఇది ప్రచారం చేసినంతగా కలిసిరాలేదు. క్లాస్ డయాగ్రం (ప్రోగ్రాంలోని భాగాలు, వాటి సంబంధాల బొమ్మ) నుంచి వచ్చేది క్లాసుల అస్థిపంజరమే. లోపలి ప్రవర్తనంతా చేత్తో రాసుకోవాలి. చేత్తో రాయడం మొదలైన రోజునుంచే మోడల్ దారి మోడల్‌ది, కోడ్ దారి కోడ్‌ది అయిపోతుంది.

అదే సమయంలో కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో జనరేషన్ పెద్ద హడావుడి లేకుండానే గెలిచింది. కార్లలో సిమ్యులింక్ (బ్లాక్ డయాగ్రాలు గీసి నడిపించే టూల్) నుంచి వచ్చే సీ కోడ్ ఇప్పుడు మామూలు విషయం. ఎయిర్‌బస్ ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో స్కేడ్ అనే అలాంటి టూల్ వాడారు. 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైనులో డ్రైవర్ లేని రైళ్ల భద్రతా సాఫ్ట్‌వేర్‌ని బీ-మెథడ్ అనే గణిత పద్ధతిలో రాసి, గణితపరంగా రుజువు చేసి, ఆ మోడల్ నుంచే కోడ్ తీశారు. ఇక్కడ ఎందుకు కుదిరిందంటే, కంట్రోల్ ఇంజనీర్లు కంప్యూటర్లు రాకముందు నుంచే బ్లాక్ డయాగ్రాల్లో ఆలోచించేవాళ్లు. టూల్ వాళ్లకి కొత్త భాషేమీ నేర్పలేదు, వాళ్లు అప్పటికే గీస్తున్నదాన్ని నడిచేలా చేసింది. మీ బండికి దీన్ని అన్వయిస్తే, మోటార్ కంట్రోల్ లూప్‌లకీ మోడ్ లాజిక్‌కీ జనరేషన్ బాగా సరిపోతుంది. డివైస్ డ్రైవర్లకీ, ఆపరేటర్ చూసే స్క్రీన్లకీ వద్దు. అక్కడ మోడల్ గీసే కష్టం కోడ్ రాసే కష్టం కంటే ఎక్కువే.

జనరేట్ అయిన ఫైల్‌ని చేత్తో ముట్టుకోవద్దు. ఒక్క లైను కూడా. ఆ ఫైళ్లని వేరే ఫోల్డర్లో పెట్టి, ప్రతి బిల్డ్‌లోనూ చెరిపేసి మళ్లీ పుట్టించండి. అప్పుడు ఎవరైనా గుట్టుగా చేసిన మార్పు మర్నాటికే మాయమవుతుంది, మనిషి అలవాటు మారుతుంది. ‘ఈ ఒక్కచోట మార్చక తప్పట్లేదు’ అని ఎవరైనా వస్తే జనరేటర్‌లో లోపమైనా ఉండాలి, మోడల్‌కీ చేతిరాత కోడ్‌కీ మధ్య గీత తప్పుచోట గీసైనా ఉండాలి. ఆ గీతని సరిచేయండి, ఫైల్‌ని కాదు.

భద్రతా సర్టిఫికేషన్ అవసరమయ్యే ప్రాజెక్టుల్లో ఇంకో మెలిక ఉంది. విమానాల సాఫ్ట్‌వేర్‌కి డీఓ-178సీ అనే భద్రతా ప్రమాణం, దానికి మోడళ్ల గురించి అనుబంధంగా డీఓ-331 ఉన్నాయి. కార్లకి ఐఎస్‌ఓ 26262 ఉంది. వీటన్నిటి సారం ఒకటే: జనరేటర్‌ని నమ్మాలంటే దాన్ని నమ్మొచ్చని ఆధారం చూపించాలి. అలా అర్హత పొందిన జనరేటర్ అయితే పుట్టిన కోడ్ మీద కొన్ని పరీక్షలు మానుకోవచ్చు. అర్హత పొందనిదైతే చేత్తో రాసిన కోడ్‌ని ఎలా పరీక్షిస్తారో దాన్నీ అలాగే పరీక్షించాలి. ‘కోడ్ రాసే ఖర్చు మిగులుతుంది’ అని లెక్కలు వేసేవాళ్లు ఈ రెండో సగాన్ని మర్చిపోతుంటారు.

ఇక అసలు లాభం ఎక్కడుందో చెప్తాను.

నేను చూసిన రైలు తలుపుల కంట్రోలర్ ఒకటి తీసుకుందాం. రిక్వైర్‌మెంట్ ఒక్క వాక్యం: ‘రైలు ఆగి ఉన్నప్పుడే తలుపు తెరుచుకోవాలి.’ రివ్యూలో అందరూ చదివారు, అందరూ ఒప్పుకున్నారు. దాన్ని స్టేట్ మెషీన్‌గా (ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఎప్పుడు మారుతుందో చూపే బొమ్మ) గీయడానికి కూర్చుంటే మొదటి ప్రశ్న వచ్చింది: ఆగి ఉందని తలుపుకి ఎవరు చెప్తారు? బ్రేకుల యూనిట్ వేగం పంపిస్తుంది, అది సున్నా అయితే ఆగినట్టు. సరే. మోడల్‌లో రెండు వేరియబుల్స్ పెట్టాం, ఒకటి రైలు అసలు వేగం, రెండోది తలుపుల కంట్రోలర్‌కి అందిన వేగం. అసలు వేగం ఎలా మారుతుందన్నది పరిసరాల మోడల్‌లో, అందిన వేగం మీద నిర్ణయాలు కంట్రోలర్ మోడల్‌లో ఉన్నాయి. తరవాత మోడల్ చెకర్‌ని (మోడల్‌లో సాధ్యమైన స్థితులన్నీ వెతికి చూసే ప్రోగ్రాం) ఒకటే అడిగాం: ‘తలుపు తెరిచి ఉండి, అసలు వేగం సున్నా కాని పరిస్థితి ఎప్పుడైనా వస్తుందా?’

వస్తుందని చెప్పింది, నాలుగే మెట్లలో. రైలు కదులుతోంది. వేగం కొలిచే సెన్సర్‌కి కరెంటు పోయింది. బ్రేకుల యూనిట్ ఆ ఫీల్డ్‌లో సున్నా పంపింది. లోపల ఎవరో బటన్ నొక్కారు, తలుపు తెరుచుకుంది.

బ్రేకుల టీముని అడిగితే ‘కొలత లేనప్పుడు సున్నా పంపడం మా ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్లో రాసే ఉంది’ అన్నారు. నిజంగానే రాసి ఉంది. తలుపుల టీము డాక్యుమెంట్‌లో ‘సున్నా అంటే ఆగినట్టు’ అని ఉంది. ఏ డాక్యుమెంట్‌కి ఆ డాక్యుమెంట్ సరైనదే. రెంటినీ పక్కపక్కన పెట్టి నడిపించేదాకా తగాదా బయటపడదు. పరిష్కారం రైల్వేల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే: ‘ఆగింది’ అన్నదాన్ని ప్రత్యేకంగా, క్రియాశీలంగా పంపే సిగ్నల్‌గా మార్చాం. ఆ సిగ్నల్ రాకపోతే, తీగ తెగినా కరెంటు పోయినా, కదులుతున్నట్టే లెక్క.

ఇందులో గమనించాల్సింది మోడల్ చెకర్ గొప్పతనం కంటే ఆ రెండు వేరియబుల్స్‌ని విడదీయడం. ప్రపంచంలో ఉన్నది వేరు, సిస్టమ్ ఉందనుకుంటున్నది వేరు. ఈ రెంటినీ ఒకే వేరియబుల్‌గా పెట్టిన మోడల్ ఎన్నాళ్లు నడిపినా ఈ లోపం కనిపించదు. కొత్తవాళ్ల మోడళ్లు రివ్యూ చేసేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. మీ బండిలో లేజర్ స్కానర్, వీల్ ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్), బ్యాటరీ శాతం, అన్నిటికీ ఇది వర్తిస్తుంది.

మోడ్‌ల గురించి మరో మాట. ఒక్కో భాగానికి నాలుగు మోడ్‌లున్న ఐదు భాగాలుంటే మొత్తం కలయికలు 1,024. ఏ డాక్యుమెంటూ అన్ని గళ్లు నింపదు. డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించిన స్టేట్‌చార్ట్‌లు ఈ బాధలోంచి పుట్టినవే, యుద్ధవిమానం ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లతో కూర్చుని పనిచేస్తూ ఆయన వాటిని రూపొందించారు. మోడ్ లోపల మోడ్, పక్కపక్కనే నడిచే మోడ్‌లు, ఈ రెండు సౌకర్యాలతోనే మోడ్‌ల అడవి పేజీలో పడుతుంది. ‘చార్జింగ్‌లో ఉండగా ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే చార్జర్ కాంటాక్టర్ (కరెంటుని కలిపే స్విచ్) తెరుచుకోవాలా, మూసే ఉండాలా?’ అని మీ నాలుగు టీముల్ని విడివిడిగా అడిగి చూడండి. జవాబులు కలిస్తే మీరు అదృష్టవంతులు.

సమయాల విషయంలోనూ ఇంతే. మీ బండి సెకనుకి 2 మీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి, బ్రేక్ వేస్తే సెకనుకి సెకనుకి 1 మీటర్ చొప్పున వేగం తగ్గుతుంది. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బ్రేకింగ్ రేటుకి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది, 2 మీటర్లు. కానీ అడ్డం కనిపించిన క్షణానికీ బ్రేక్ పట్టుకున్న క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. స్కానర్, ప్రాసెసింగ్, నెట్‌వర్క్, బ్రేక్ యాక్చుయేటర్, నాలుగు దశలు. ప్రతి టీమూ ‘మాది 100 మిల్లీసెకన్లే’ అంటుంది. మొత్తం 0.4 సెకన్లు, ఆ లోపు బండి 0.8 మీటర్లు పోతుంది. ఇక్కడితో అయిపోలేదు. ప్రతి దశ తన సొంత సైకిల్‌లో నడుస్తుంది కాబట్టి, ముందు దశ ఇచ్చిన డేటా తరవాతి దశ నిద్రలేచేదాకా ఆగాలి. సైకిల్ 50 మిల్లీసెకన్లయితే నాలుగు దశలకి కలిపి ఇంకో 200 దాకా పోవచ్చు, అంటే ఇంకో 0.4 మీటర్లు. మొత్తం 3.2 మీటర్లు. స్కానర్ రక్షణ పరిధిని 2.5 అని ఎవరో ముందే ఫిక్స్ చేసి ఉంటారు.

ఈ లెక్కకి పెద్ద టూల్ అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్ చాలు. మోడల్ ఎందుకంటే, ఆరు నెలల తరవాత ఫర్మ్‌వేర్ టీము సైకిల్‌ని 50 నుంచి 80కి మార్చినప్పుడు ఎవరూ ఆ షీట్ తెరవరు. సైకిల్ సమయం మోడల్‌లో ఉండి, అక్కడినుంచే షెడ్యూలర్ కాన్ఫిగరేషన్ ఫైల్ పుడుతూ, అక్కడినుంచే ఆగే దూరం చెక్ అవుతూ ఉంటే, మార్చిన సాయంత్రమే బిల్డ్ ఫెయిలవుతుంది. ఇలాంటి విశ్లేషణలకోసమే ఏఏడీఎల్ అని ప్రత్యేకంగా ఒక భాష ఉంది, ఎస్‌ఏఈ సంస్థ 2004లో ప్రమాణంగా తెచ్చింది. విమాన, అంతరిక్ష రంగాల బయట దాన్ని వాడేవాళ్లు తక్కువ. ఆలోచన తీసుకోండి, భాష తీసుకోకపోయినా ఫరవాలేదు.

ఇక ఇంటర్‌ఫేస్‌లు. ఇక్కడ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంతరిక్ష నౌక పేరు రాకుండా ఎవరూ మాట్లాడరు. 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గర ఆ నౌకని పోగొట్టుకున్నారు. నేలమీది సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్-ఫోర్స్ సెకన్లలో విలువలిస్తే, అందుకున్నది వాటిని న్యూటన్ సెకన్లనుకుంది, 4.45 రెట్ల తేడా. యూనిట్‌ని డేటాతోపాటే రాసి, రెండు వైపులా కోడ్ ఒకే చోటినుంచి పుట్టిస్తే ఈ రకం తప్పు దాదాపు రాదు. టూల్ అమ్మేవాళ్లు దీనితో కలిపి ఏరియేన్ 5 అనే యూరప్ రాకెట్‌ని కూడా చెప్తారు. 1996 జూన్ 4న మొదటి రాకెట్ బయల్దేరిన సుమారు 40 సెకన్లకే పేలిపోయింది, 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలో కుక్కబోతే పట్టలేదు. కానీ ఆ కోడ్ ఏరియేన్ 4 ప్రయాణమార్గానికి సరిపోయేది. కొత్త రాకెట్ అడ్డ వేగం ఎక్కువ, పాత కోడ్‌ని కొత్త మార్గంతో కలిపి పరీక్షించలేదు. ‘ఈ విలువ ఇంతకు మించదు’ అన్న ఊహ మోడల్‌లో రాసి ఉండి, కొత్త రాకెట్ అంకెలతో దాన్ని పోల్చి ఉంటేనే దొరికేది. మోడల్ ఉన్నంత మాత్రాన దొరికేది కాదు. అందుకే సిగ్నల్ పట్టికలో పేరు, టైపుతోపాటు యూనిట్, కనిష్ఠ గరిష్ఠ విలువలు, ఎంత తరచుగా వస్తుంది, రాకపోతే ఏమనుకోవాలి, ఇవన్నీ తప్పనిసరి గళ్లు చేయండి. ఆఖరి గడి అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే ఎక్కువ ఖాళీగా ఉండేదీ అదే.

మెకానికల్ టీము దగ్గర ఇప్పటికే మోడెలికా అనే మోడలింగ్ భాషలోనో సిమ్యులింక్‌లోనో డైనమిక్స్ మోడల్ (బండి కదలికల మోడల్) ఉండే ఉంటుంది. వేర్వేరు టూల్స్ మోడళ్లని కలిపి నడపడానికి ఎఫ్‌ఎంఐ అనే ప్రమాణం ఉంది, 2010 నుంచి. పనిచేస్తుంది. కలిపి నడిపేటప్పుడు టైమ్ స్టెప్ పెద్దదిగా పెడితే బ్రేకింగ్ లాంటి వేగవంతమైన ఘట్టాల్లో వచ్చే అంకెల్ని నమ్మొద్దు. స్టెప్‌ని సగం చేసి మళ్లీ నడపండి, జవాబు మారిపోతే ఇంకా చిన్నది కావాలి.

సర్వర్ టీముకి మాత్రం యూఎంఎల్ అంటగట్టొద్దు. వాళ్ల అసలు కష్టం వేరు: రెండు బండ్లు ఒకే దారిని ఒకేసారి కోరుకోవడం, నెట్‌వర్క్ తెగి మళ్లీ కలిసేసరికి ఒకే పనిని ఇద్దరికి ఇవ్వడం, నాలుగు బండ్లు ఒకదానికోసం ఒకటి ఆగి కూర్చోవడం. దీనికి టీఎల్‌ఏ ప్లస్ సరైన ఆయుధం, ఒకేసారి నడిచే ప్రోగ్రాంల ప్రవర్తనని గణితంలా రాసి చెక్ చేసే భాష అది. అమెజాన్ ఇంజనీర్లు 2015లో ప్రచురించిన అనుభవంలో, డైనమోడీబీలో (వాళ్ల డేటాబేస్) దొరికిన ఒక లోపాన్ని బయటపెట్టిన అతి చిన్న దారికే 35 మెట్లున్నాయి. మనిషి రివ్యూలో దొరికే రకం కాదది. దారి కేటాయించే ప్రోటోకాల్‌ని మాత్రం అందులో రాస్తే రెండు మూడు పేజీలు దాటదు. మిగతా సర్వర్ కోడ్‌ని వాళ్ల పద్ధతిలో రాసుకోనివ్వండి.

టూల్ సంగతి. థేల్స్ కంపెనీవాళ్ల ఆర్కేడియా అనే డిజైన్ పద్ధతి మీద కట్టిన కాపెల్లా టూల్ ఓపెన్ సోర్స్. పద్ధతిని టూలే వరసగా నడిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు దారి తప్పరు. సిస్‌ఎంఎల్ (సిస్టమ్‌లని గీయడానికి యూఎంఎల్‌లోంచి పుట్టిన భాష) రెండో వెర్షన్‌ని ఓఎంజీ 2025లో ఖరారు చేసింది, మోడల్‌ని టెక్స్ట్‌గా రాసుకోవచ్చన్నది అందులో నాకు నచ్చిన మార్పు. ఎందుకంటే పాత టూల్స్‌తో నిత్యం పడే బాధ మెర్జ్, అంటే ఇద్దరి మార్పుల్ని ఒకటిగా కలపడం. ఇద్దరు ఒకే డయాగ్రం మార్చారా, ఇక ఆ ఎక్స్‌ఎంఎల్ తేడాల్ని చూసి ఏం మారిందో చెప్పగలిగినవాడు పుట్టలేదు. చివరికి ‘మోడల్ తాళం నా దగ్గరుంది, రేపు ఇస్తా’ అని ఈమెయిళ్లు తిరుగుతాయి. టెక్స్ట్ అయితే కోడ్‌లాగే డిఫ్ (తేడాలు చూడటం), రివ్యూ, బ్రాంచ్ అన్నీ జరుగుతాయి. మీ పరిమాణానికి నా సలహా ఇంకా సాదాది: సిగ్నళ్లని యామెల్ ఫైల్‌లో (మనిషి చదవగలిగే సాదా టెక్స్ట్ ఫైల్) పెట్టి, వాటిలోంచి సీ కోడ్ వాడుకునే హెడర్ ఫైళ్లు, క్యాన్ (బండి లోపలి నెట్‌వర్క్) డేటాబేస్, డాక్యుమెంట్ పుట్టించే స్క్రిప్ట్ రాయండి. ఎవరూ దాన్ని ఎండీఈ అని పిలవరు, కానీ అదే. అది ఇరుకైనప్పుడు ఏ టూల్ కావాలో మీకే తెలిసిపోతుంది.

ఒక చోట చూసిన ముచ్చట చెప్పాలి, పేర్లు వద్దు. అక్కడ ‘మోడలింగ్ టీము’ అని విడిగా పెట్టారు. వాళ్లు అద్భుతంగా గీశారు, గోడంత ప్రింటవుట్లు, వందల బాక్సులు. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు మాత్రం వాటివైపు చూడలేదు, తమ సందేహాల్ని పక్క టేబుల్‌వాళ్లని అడిగి తీర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి మోడల్‌లో ఉన్న సిస్టమ్ వేరు, ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్ వేరు. కాబట్టి సిగ్నల్ ఎవరిదో ఆ టీమే మోడల్‌లో మార్చాలి, మధ్యలో గుమస్తా వద్దు. మోడలింగ్ బాగా తెలిసిన ఒకరిద్దరు స్క్రిప్టులు, చెక్‌లు రాసిపెడుతూ అందరికీ సాయంగా ఉంటే చాలు. ఒక్క పేజీలో ఇరవై బాక్సులు దాటితే ఆ బొమ్మని ఎవరూ చదవరన్నది కూడా గుర్తుంచుకోండి.

మీరు మొదలుపెట్టాల్సిన వరస నా లెక్కలో ఇలా ఉంటుంది. మొదట సిగ్నళ్ల ఎక్సెల్‌ని ఒకే ఫైల్‌గా చేసి, దాన్నుంచి హెడర్ ఫైళ్లు పుట్టించండి. ఇది అయ్యేలోపే సగం గొడవలు బయటికొస్తాయి. తరవాత ఎమర్జెన్సీ స్టాప్, చార్జింగ్, చేత్తో నడిపే మోడ్, ఆటోమేటిక్ మోడ్, ఈ నాలుగింటికి మాత్రం స్టేట్‌చార్ట్ గీసి, నడిపించి, భద్రతా నియమాలు రెండు మూడు చెక్ చేయించండి. ఆపైన ఆగే దూరం లెక్కని బిల్డ్‌లోకి ఎక్కించండి. కోడ్ జనరేషన్ గురించి ఈ మూడూ నిలబడ్డాకే మాట్లాడండి, అదీ మోడ్ లాజిక్‌తో మొదలుపెట్టి.

మీ మోడ్‌ల జాబితా, ఏ మోడ్ నుంచి ఏ మోడ్‌కి ఏ సిగ్నల్‌తో వెళ్తారన్న పట్టిక ఇక్కడ పెట్టగలిగితే చూసి చెప్తాను. పెట్టేటప్పుడు ప్రతి సిగ్నల్ పక్కన, అది రాకపోతే మీ కంట్రోలర్ ఏమనుకుంటుందో కూడా రాయండి.